ఎలక్ట్రాన్ వివర్తన గొట్టం: డిగ్రీ ప్రయోగశాలకు కొనదగినదేనా?

బీఎస్సీ, ఎమ్మెస్సీ భౌతికశాస్త్ర ప్రయోగశాలల కోసం అంబాలాలో తయారయ్యే ఎలక్ట్రాన్ వివర్తన పరికరాన్ని (ఎలక్ట్రాన్లు తరంగాల్లా వంగి విస్తరించడాన్ని తెర మీద వలయాలుగా చూపేది) మా విభాగం కొని, కొంత కాలంగా విద్యార్థుల చేత వాడిస్తోంది. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ తరహా పరికరాలు దేశీయమైనా విదేశీయమైనా దాదాపు ఒకే నమూనాలో ఉంటాయి కనుక, నేను చెప్పబోయే మంచిచెడ్డల్లో చాలా భాగం వాటన్నిటికీ వర్తిస్తుంది. ఒక సాధారణ డిగ్రీ కళాశాల ప్రయోగశాల బడ్జెట్‌కు దీని ధర పెద్ద భారమే. అందుకే కొనుగోలు ప్రతిపాదన రాసే ముందు, ఈ పరికరం ఏమి చూపిస్తుందో, ఏమి చూపించలేదో అధ్యాపకులకు స్పష్టంగా తెలియాలి. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: పరికరం కొనదగినదే. అయితే దాని వోల్టేజి మీటరును నమ్మి లెక్కలు వేయకూడదు, వెంట వచ్చే ఇంగ్లీషు పుస్తకాన్ని పక్కన పెట్టి ప్రయోగ పత్రాన్ని మనమే రాసుకోవాలి.

పెట్టెలో ముఖ్యమైనవి గాజు గొట్టం, దాన్ని నిలబెట్టే స్టాండు, 5000 వోల్టుల దాకా ఇచ్చే పవర్ సప్లై. గొట్టం ఒక కొస సన్నని మెడలా, రెండో కొస గుండ్రటి బల్బులా ఉంటుంది. మెడలో 6.3 వోల్టులతో వేడెక్కే ఫిలమెంట్, దాని వేడికి ఎలక్ట్రాన్లను విడిచే కాథోడ్, వాటిని లాగే ఆనోడ్ ఉంటాయి. ఆనోడ్ మధ్య రంధ్రానికి అడ్డంగా సన్నని నికెల్ వల, ఆ వల మీద పలుచని గ్రాఫైట్ పొర ఉంటాయి. దాని గుండా దూసుకుపోయిన ఎలక్ట్రాన్లు 13.5 సెంటీమీటర్లు ప్రయాణించి, బల్బు ముఖానికి లోపలి వైపు పూసిన ప్రతిదీప్త తెరను తాకి పచ్చటి వెలుగునిస్తాయి. గొట్టం పనితనం బాగుంది. బల్బు గాజులో ఎక్కడా బుడగలు లేవు, తెర పూత సమంగా ఉంది, స్టాండులో పిన్నులు వదులు కాకుండా కూర్చుంటాయి.

గదిలో దీపాలు ఆర్పి, కిటికీలకు నల్లగుడ్డ కట్టి, ఫిలమెంట్‌ను ఒక నిమిషం పాటు వేడెక్కనిచ్చిన తరువాతే వోల్టేజి పెంచాలి. మొదట తెర మధ్యలో మసక పచ్చని మచ్చ ఒక్కటే కనబడుతుంది. మా గొట్టంలో 2500 వోల్టులు దాటేసరికి దాని చుట్టూ రెండు వలయాలు తేటపడతాయి. లోపలిది సన్నగా, కాస్త ప్రకాశంగా ఉంటుంది, బయటిది వెడల్పుగా, అంచులు చెదిరినట్టుగా ఉంటుంది. రెండింటి మధ్యా చీకటి పట్టీ ఉంటుంది. అక్కడి నుంచి నాబ్‌ను నెమ్మదిగా 5000 వైపు తిప్పితే వెలుగు పెరుగుతూ పోతుంది, వలయాలు మాత్రం రెండూ కలిసి మధ్య మచ్చ వైపు ముడుచుకుంటాయి. వెనక్కి తిప్పితే మళ్లీ విచ్చుకుంటాయి. ఇంత ధర పెట్టి కొనేది ప్రధానంగా ఈ దృశ్యం కోసమే. నాబ్ విద్యార్థి చేతిలో ఉంటుంది, తన చేతి కదలికకు ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం మారడాన్ని అతను కళ్లతో చూస్తాడు. మా ప్రయోగశాలలో ఉన్న మరే ఆధునిక భౌతికశాస్త్ర పరికరమూ ఈ పని చేయదు. ఫోటో ఎలక్ట్రిక్ సెట్, ఫ్రాంక్–హెర్ట్జ్ సెట్ మంచి పరికరాలే అయినా, వాటిలో కనిపించేది మీటరు మీద ముల్లు కదలికే.

వలయాలను చూపగానే వాటి అర్థం దానంతట అదే బోధపడదు. ఎలక్ట్రాన్లు కేవలం కణాలై, గ్రాఫైట్ పరమాణువులకు తగిలి పక్కకు చెదురుతున్నాయని అనుకుంటే, వేగం పెరిగే కొద్దీ చెదరడం తగ్గి మచ్చ చిన్నదవుతుందని ఎవరైనా వాదించవచ్చు, ఆ వాదన తప్పేమీ కాదు. కానీ అలా చెదిరిన వెలుగు మధ్యలో దట్టంగా ఉండి అంచుల వైపు క్రమంగా పలుచబడాలి. కొంత దూరం చీకటి, ఆ తరువాత వెలుగు, మళ్లీ చీకటి రావడానికి ఆ వాదనలో చోటు లేదు. అందువల్ల విద్యార్థుల దృష్టిని వలయాల మీద కంటే ముందు వాటి మధ్యనున్న చీకటి పట్టీ మీదికి మళ్లించడం అవసరం. వేర్వేరు పరమాణు తలాల నుంచి వచ్చిన తరంగాలు కొన్ని కోణాల్లో ఒకదాన్నొకటి బలపరచుకుని, తక్కిన కోణాల్లో రద్దు చేసుకుంటేనే అటువంటి చీకటి ఏర్పడుతుంది.

ఈ పరికరం వెనుక ఉన్న చరిత్రను మన పాఠాలు సగమే చెబుతాయి. ప్లాంక్ స్థిరాంకాన్ని కణం ద్రవ్యవేగంతో భాగిస్తే దాని తరంగదైర్ఘ్యం వస్తుందని లూయీ డీబ్రోలీ 1924లో పారిస్‌లో సమర్పించిన పరిశోధన గ్రంథంలో ప్రతిపాదించారు. దాన్ని న్యూయార్క్‌లోని బెల్ ప్రయోగశాలలో డేవిసన్, జెర్మర్ 1927లో నికెల్ స్ఫటికంతో రుజువు చేశారు. 54 వోల్టుల ఎలక్ట్రాన్లు 50 డిగ్రీల కోణంలో గరిష్ఠంగా వెలువడ్డాయి. ఆ కోణాన్ని బట్టి తరంగదైర్ఘ్యం 0.165 నానోమీటర్లని తేలింది, డీబ్రోలీ సూత్రం ఇచ్చేది 0.167. అంతకు రెండేళ్ల ముందు ద్రవ గాలి సీసా పేలి వాళ్ల గొట్టం పగిలింది. లోపలికి చొరబడిన గాలికి నికెల్ మీద ఆక్సైడ్ పొర పట్టింది, దాన్ని పోగొట్టడానికి లోహాన్ని బాగా వేడి చేసినప్పుడు అందులోని చిన్న చిన్న స్ఫటికాలు కలిసి పెద్ద స్ఫటికాలుగా మారాయి. ఫలితాల స్వరూపం ఆ తరువాతే మారిపోయింది. ఇదంతా తరగతిలో తప్పకుండా చెప్పదగిన కథే. అయితే మనం కొనే గొట్టం ఆ ప్రయోగానికి నకలు కాదు. అదే 1927లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జి.పి. థామ్సన్, తన విద్యార్థి అలెగ్జాండర్ రీడ్‌తో కలిసి, వేగవంతమైన ఎలక్ట్రాన్లను పలుచని పొరల గుండా పంపి, అవతలి వైపు ఫోటో పలక మీద వలయాలను పట్టిన పద్ధతి ఇది. ఒక్క పెద్ద స్ఫటికానికి బదులు అన్ని దిశల్లోనూ తిరిగి ఉన్న అసంఖ్యాకమైన చిన్న స్ఫటికాలు ఉండడం వల్లనే చుక్కల స్థానంలో పూర్తి వలయాలు వస్తాయి. మాకు వచ్చిన పుస్తకం మొదటి పుట మీద ఈ పరికరాన్ని డేవిసన్–జెర్మర్ ప్రయోగం అని రాయడం పొరపాటు, అది వైవాలో కూడా విద్యార్థులను తప్పుదారి పట్టిస్తుంది.

ఇక కొలతల విషయం. ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యాన్ని నానోమీటర్లలో పొందడానికి 1.226ను వోల్టేజి వర్గమూలంతో భాగిస్తే చాలు. 4000 వోల్టుల వద్ద అది 0.0194 నానోమీటర్లు. కనిపించే కాంతిలో పచ్చరంగు తరంగదైర్ఘ్యం 500 నానోమీటర్లకు పైమాట. ఎలక్ట్రాన్ వివర్తనానికి దగ్గర దగ్గరగా గీతలు గీసిన పలక, అంటే గ్రేటింగ్, పనికిరాక, పరమాణువుల వరుసలనే గ్రేటింగ్‌గా వాడుకోవలసి రావడానికి కారణం ఈ తేడాయే. గ్రాఫైట్‌లో రెండు వలయాలకు కారణమైన తలాల మధ్య దూరాలు 0.213, 0.123 నానోమీటర్లు. చిన్న కోణాల సూత్రం (వ్యాసం = 2 × తెర దూరం × తరంగదైర్ఘ్యం ÷ తలాల మధ్య దూరం) ప్రకారం, 13.5 సెంటీమీటర్ల దూరానికి, లోపలి వలయం వ్యాసం 3000 వోల్టుల వద్ద 28.4 మిల్లీమీటర్లు, 4000 వద్ద 24.6, 5000 వద్ద 22.0 రావాలి. బయటి వలయానికి అదే వరుసలో 49.1, 42.6, 38.1 రావాలి. మా విద్యార్థులు వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచినప్పుడు లోపలి వలయం విలువలు లెక్కకు ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా వస్తున్నాయి. బయటి వలయంలో తేడా ఇంకొంచెం ఎక్కువ. దానికి రెండు కారణాలున్నాయి: ఆ వలయం వెడల్పు ఎక్కువ కావడంతో ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో తేలదు, పైగా తెర చదునుగా లేక వంపు తిరిగి ఉండడం వల్ల చిన్న కోణాల సూత్రం అంచుల వైపు కొంత తప్పుతుంది. వలయం వెలుగు మధ్య నుంచి మధ్యకు కొలవమని ముందే చెప్పి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తీసుకుని సగటు కట్టిస్తే ఫలితం మెరుగవుతుంది. వోల్టేజి వర్గమూలపు విలోమాన్ని ఒక అక్షం మీద, వ్యాసాన్ని మరో అక్షం మీద తీసుకుని గ్రాఫు గీస్తే, బిందువులు మూల బిందువు గుండా పోయే సరళరేఖ మీద చక్కగా కూర్చుంటాయి. ద్రవ్యవేగానికి, తరంగదైర్ఘ్యానికి మధ్య విలోమ సంబంధం ఉందనడానికి ఈ గీతే రుజువు.

అయితే నాకు అన్నిటికంటే నచ్చిన కొలత వేరే ఉంది, దాని ప్రస్తావన వెంట వచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు. ఏ వోల్టేజి వద్దనైనా సరే, బయటి వలయం వ్యాసాన్ని లోపలి వలయం వ్యాసంతో భాగిస్తే 1.73కు దగ్గరగా వస్తుంది. అది 3 వర్గమూలం. గ్రాఫైట్ పొరలో కార్బన్ పరమాణువులు షడ్భుజాలుగా అమరి ఉంటాయి, పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు. ఆ దూరానికి ఒకటిన్నర రెట్లు 0.213, ఆ దూరాన్ని 3 వర్గమూలంలో సగంతో గుణిస్తే 0.123. అంటే తెర మీది వలయాల నిష్పత్తి, సమ షడ్భుజం జ్యామితి నుంచి నేరుగా వస్తున్నది. ఈ నిష్పత్తికి వోల్టేజి మీటరు సరిగ్గా ఉండనక్కరలేదు, తెర దూరం కచ్చితంగా తెలియనక్కరలేదు, ప్లాంక్ స్థిరాంకం కూడా అక్కరలేదు. చేతితో తాకలేని, మామూలు సూక్ష్మదర్శినిలో చూడలేని అమరికను పదో తరగతి జ్యామితి తెలిసినవాడు కాలిపర్స్‌తో పట్టుకోగలుగుతున్నాడు. ప్రయోగం కొనసాగించడానికి సమయం లేని బ్యాచ్‌లకు ఈ ఒక్క కొలతనైనా నేను తప్పక చేయిస్తాను.

తరువాతి విషయం అయస్కాంతం. పరికరంతో పాటు అయస్కాంతం ఇవ్వలేదు, ఇవ్వవలసింది. ప్రయోగశాలలో ఉన్న మామూలు దండాయస్కాంతాన్ని గొట్టం మెడ పక్కకు తెస్తే, మధ్య మచ్చ, దాని చుట్టూ ఉన్న రెండు వలయాలు, మొత్తం చిత్రమంతా కలిసికట్టుగా ఒక పక్కకు జరుగుతుంది. ధ్రువాన్ని మారిస్తే రెండో పక్కకు జరుగుతుంది. తన వలయాలు ఎక్స్‌–కిరణాల వల్ల వచ్చినవేమోనన్న అనుమానాన్ని తొలగించడానికి థామ్సన్ చేసిన పరీక్ష కూడా ఇదే: అయస్కాంత క్షేత్రంలో ఎక్స్‌–కిరణాలు వంగవు, ఎలక్ట్రాన్లు వంగుతాయి. వంగే దిశ, రుణావేశం గల కణానికి ఎడమచేతి నియమం చెప్పే దిశే. ఈ సందర్భంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎలక్ట్రాన్ కొన్ని ప్రయోగాల్లో తరంగంగా, మరికొన్ని ప్రయోగాల్లో కణంగా ప్రవర్తిస్తుందని పిల్లలు ఇంటర్మీడియట్ నుంచీ కంఠస్థం చేసి వస్తారు. ఆ వాక్యాన్ని విన్నవారికి, ఎలక్ట్రాన్ సందర్భాన్ని బట్టి రూపం మార్చుకుంటుందన్న భావం మిగిలిపోతుంది. ఈ గొట్టం ముందు నిలబడితే ఆ భావం నిలవదు. ఆవేశం, ద్రవ్యరాశి ఉన్న కణానికి లెక్కగట్టినట్టే పక్కకు వంగుతున్న ఆ చిత్రమే, అదే క్షణంలో, తరంగానికి మాత్రమే సాధ్యమైన వలయాలతో నిండి ఉంది. రెండు స్వభావాలూ ఒకే తెర మీద, ఒకే సమయంలో ఉన్నాయి. ద్వంద్వ స్వభావం అన్న మాటకు నేను విద్యార్థులకు చూపగలిగిన అత్యుత్తమమైన వ్యాఖ్యానం ఇది. పరికరానికి నేనిచ్చే మార్కుల్లో సగానికి పైగా దీనికే.

అయినా పరికరం చెప్పలేనిది ఒకటుంది, ప్రతి బ్యాచ్‌లోనూ చురుకైన విద్యార్థి ఎవరో ఒకరు దాన్నే అడుగుతారు: ఈ వలయాలు ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి కలబడడం వల్ల వస్తున్నాయా, లేక ఒక్కొక్క ఎలక్ట్రాన్‌కే తరంగ స్వభావం ఉందా? దీనికి మన గొట్టం దగ్గర సమాధానం లేదు. 4000 వోల్టుల వద్ద ఎలక్ట్రాన్ వేగం సెకనుకు సుమారు 37 వేల కిలోమీటర్లు. గ్రాఫైట్ నుంచి తెర దాకా చేరడానికి దానికి పట్టేది 4 నానోసెకన్ల లోపే. కానీ 0.1 మిల్లీఆంపియర్ కరెంటు అంటే సెకనుకు 6 కోట్ల కోట్లకు పైగా ఎలక్ట్రాన్లు. వాటిలో నూటికి ఒకటి మాత్రమే తెరను చేరుతున్నదనుకున్నా, ఏ క్షణంలో చూసినా గొట్టంలో ఇరవై వేల ఎలక్ట్రాన్లు ప్రయాణంలో ఉన్నట్టే. కాబట్టి ఈ ప్రశ్నకు జపాన్‌లో హిటాచీ పరిశోధకుడు తొనొమురా, ఆయన సహచరులు 1989లో ప్రచురించిన ప్రయోగాన్ని ప్రొజెక్టర్ మీద చూపించడం ఒక్కటే మార్గం. అందులో ఎలక్ట్రాన్లు ఒకదాని వెనుక ఒకటి, ఒంటరిగా పరికరం గుండా పోతాయి. ప్రతి ఎలక్ట్రాన్ తెర మీద ఒకే ఒక చుక్కగా పడుతుంది. మొదట్లో ఆ చుక్కలు ఎటువంటి క్రమమూ లేకుండా చెల్లాచెదురుగా ఉంటాయి, వేల సంఖ్యలో పోగుపడిన తరువాత వ్యతికరణ పట్టీలు తేలతాయి. తరంగం చెప్పేది ఎక్కడ పడే సంభావ్యత ఎంత అన్నదే, పడడం మాత్రం ప్రతిసారీ ఒకే చోట, పూర్తి ఎలక్ట్రాన్‌గానే. 1926లో మాక్స్ బోర్న్ ఇచ్చిన ఈ వివరణను ముందు చెప్పి, ఆ దృశ్యాలు చూపించి, ఆ తరువాత గొట్టం ముందుకు తీసుకువెళితే, అక్కడ నిలకడగా వెలిగే వలయం నిజానికి లెక్కలేనన్ని చుక్కల పోగు అని విద్యార్థి గ్రహిస్తాడు. ఇదంతా ఎలక్ట్రాన్లకేనా అని అడిగేవారికి, 60 కార్బన్ పరమాణువులున్న ఫుల్లరీన్ అణువులతోనే 1999లో వియన్నాలో వివర్తనం సాధించారని చెబుతాను. మన గొట్టంలో గ్రేటింగ్‌గా నిలబడిన కార్బన్, ఆ ప్రయోగంలో తానే తరంగమైంది.

లోపాలను దాచనవసరం లేదు. పవర్ సప్లై మీద ఉన్న మీటరు మా దగ్గర అసలు వోల్టేజి కంటే 100 వోల్టులకు పైగా ఎక్కువ చూపిస్తోంది. హై వోల్టేజి ప్రోబ్ తెచ్చి సరిచూసినప్పుడు ఈ సంగతి బయటపడింది. 4000 వోల్టుల్లో 100 వోల్టుల తేడా తరంగదైర్ఘ్యంలో 1.25 శాతమే తేడా తెస్తుంది కనుక ప్రయోగం పాడైపోదు. కానీ గ్రాఫు వాలు నుంచి ప్లాంక్ స్థిరాంకం రాబట్టాలనుకునే ఎమ్మెస్సీ విద్యార్థికి ఆ మాత్రం తేడా కూడా తెలిసి ఉండాలి. తయారీదారుకు రాస్తే సవరణ పట్టిక పంపారు గాని మీటరు మార్చలేదు. అంతకంటే ఇబ్బంది పెట్టినది వెంట వచ్చిన పుస్తకంలోని నమూనా లెక్క. సూత్రంలో వ్యాసం రాసి, లెక్కలో వ్యాసార్థం వేయడంతో తలాల మధ్య దూరం రెట్టింపు వచ్చింది, ఆ అంకెకు కింద ఏ వ్యాఖ్యా లేదు. కొందరు విద్యార్థులు తమకు సరిగ్గా వచ్చిన ఫలితాన్ని కొట్టివేసి, పుస్తకంలోని తప్పు విలువను రికార్డులో రాసుకోవడం చూసి బాధ కలిగింది. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదువుకున్న పిల్లలు మా దగ్గర ఎక్కువ. వారికోసం పూర్తి ప్రయోగ పత్రాన్ని వివర్తనం, ద్రవ్యవేగం, తలాల మధ్య దూరం వంటి వారికి అలవాటైన మాటలతో తెలుగులో రాసి ఇచ్చాను. రికార్డుల నాణ్యత స్పష్టంగా మెరుగుపడింది.

భద్రత విషయంలో అశ్రద్ధ పనికిరాదు. 5000 వోల్టుల తీగలను విద్యార్థులు సప్లై ఆపిన తరువాతే ముట్టాలి, ఫిలమెంట్ వేడెక్కక ముందు హై టెన్షన్ ఇవ్వకూడదు. ఆనోడ్ కరెంటు 0.2 మిల్లీఆంపియర్ మించకూడదు. వెలుగు పెరగాలన్న ఆత్రంతో కరెంటు పెంచితే గ్రాఫైట్ పొర ఎర్రగా కాలి, మళ్లీ పనికిరాకుండా పోతుంది. మెడ వైపు చూసినప్పుడు ఎర్రటి కాంతి ఏమాత్రం కనబడినా వెంటనే వోల్టేజి తగ్గించాలి. 5000 వోల్టులు దాటితే ఎక్స్‌–కిరణాలు వెలువడే ప్రమాదం ఉంది కనుక, వేరే సప్లైని జత చేసి హద్దు దాటించే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. గొట్టంలో ఉన్నది శూన్యం, గాజు పలుచన. కాలిపర్స్ దవడలను బల్బుకు ఒత్తిపెట్టి కొలిచే అలవాటును మొదటి రోజే మాన్పించి, మెత్తటి ప్లాస్టిక్ స్కేలుతోనో, పారదర్శకమైన గ్రాఫు కాగితాన్ని అద్దంలాంటి ఆ ముఖం మీద ఆనించి గుర్తులు పెట్టించో కొలిపించడం మేలు.

ఎవరు కొనాలి అన్న ప్రశ్నకు నా సలహా ఇది. పీజీ విభాగమున్న కళాశాలలు, స్వయంప్రతిపత్తి గల డిగ్రీ కళాశాలలు కొనవచ్చు. జూనియర్ కళాశాలలకు విడిగా అవసరం లేదు. దగ్గరలోని డిగ్రీ కళాశాలతో మాట్లాడుకుని, ద్వంద్వ స్వభావం పాఠం జరిగే వారంలో పిల్లలను ఒక పూట తీసుకువెళితే సరిపోతుంది, మా విభాగం అలా వచ్చేవారిని సంతోషంగా ఆహ్వానిస్తుంది. కంప్యూటర్ మీద అనుకరణ ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతుండగా ఇంత ఖర్చు దేనికని కమిటీలో అడుగుతారు. ప్రోగ్రాములో వలయాలు సూత్రం ప్రకారమే వస్తాయి, ఎందుకంటే వాటిని గీసేదే సూత్రం. గొట్టంలో వలయాలను గీసేది ఎలక్ట్రాన్లు, సూత్రం నిలబడుతుందా లేదా అన్నది వాటిని కొలిచి తేల్చుకోవాలి. ఆర్డరు పెట్టేటప్పుడు మాత్రం మీటరు సరిచూసిన ధ్రువపత్రం, గొట్టంలో గ్రాఫైట్ నుంచి తెర దాకా ఉన్న కచ్చితమైన దూరం, విడి గొట్టం ధర, అది ఎన్ని వారాల్లో అందుతుందన్న హామీ, ఈ నాలుగింటినీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. గొట్టం పోతే పరికరంలో మిగిలేది సప్లై ఒక్కటే కనుక, బడ్జెట్‌లో వీలుంటే రెండో గొట్టాన్ని మొదటి ఆర్డరులోనే చేర్చండి.